ఆ తీరాన్ని నిర్జనం చేసిందెవరు?

క్రిందటి సంవత్సరం మా కళాశాల సాహిత్య సంఘంలో ఒక సభ జరిగింది. విదేశాలు తిరిగి వచ్చిన ఒక పెద్దమనిషి స్కాట్లండు పడమటి దీవుల మీద తాను రాసిన యాత్రావ్యాసం చదివి, తెర మీద ఛాయాచిత్రాలు చూపించారు. భాష మంచి భాష. తెల్లని ఇసుక తిన్నెలు, వాటినంటి పచ్చని నీళ్ళు, చెట్టన్నది లేని కొండలు, క్షణక్షణానికీ మారే వెలుతురు, అన్నీ వర్ణించారు. అయితే పేజీకి రెండుసార్లు ఒక మాట వచ్చింది: "మనిషి అడుగు సోకని తీరం". దానికి తోడు "ఏకాంత సౌందర్యం", "ఆదిమ ప్రశాంతి". ఇంతలో ఒక చిత్రంలో, కొండవాలున గడ్డిలో, మోకాలెత్తు రాతిగోడలు నాలుగు వరసలు కనిపించాయి. వెనక బల్లమీద కూర్చున్న రెండో సంవత్సరం విద్యార్థిని లేచి అడిగింది: "మనిషి అడుగే సోకకపోతే ఆ గోడలెవరివండీ?"

"అవి ఎప్పటివో పాతవమ్మా" అని వక్త చిరునవ్వు నవ్వి తరవాతి చిత్రానికి వెళ్ళారు. వందన సమర్పణ చేసినవాణ్ణి నేను. ఆ ప్రశ్నను మెచ్చుకుంటూ రెండు మాటలు చెప్పి, జవాబు చెప్పకుండా, ప్రకృతి సౌందర్యం మీద నాలుగు మాటలు పెంచి కూర్చున్నాను. జవాబు నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా యిస్తున్న జవాబు. ఆ తీరాన్ని నేను కళ్ళారా చూడలేదు. చూసినవారు చూడనిదాన్ని, చదివి తెలుసుకున్నంతలో, చెప్పదలచుకున్నాను.

ముందు నేల సంగతి. స్కాట్లండుకు వాయవ్యంగా, అట్లాంటిక్ సముద్రానికి అడ్డుకట్ట వేసినట్టు, లూయిస్ నుంచి బారా దాకా సుమారు రెండువందల కిలోమీటర్ల పొడుగున పరుచుకున్నవి బాహ్య హెబ్రిడీస్ దీవులు. వాటికీ ప్రధాన భూభాగానికీ మధ్య స్కై, రాసే, ఎగ్ మొదలైనవి. అడుగున వున్న రాయి కొన్నిచోట్ల మూడువందల కోట్ల సంవత్సరాల నాటిది. దానిమీద పీట్ అనే నల్లని తడినేల: వేల యేళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళి పేరుకున్నది. దాన్నే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టుకుంటారు. పడమటి ఒడ్డున మాత్రం గవ్వల ఇసుకను గాలి లోపలికి తెచ్చి పోయడం వల్ల ఆ పులిసిన నేల మెత్తబడి, మాఖర్ అని పిలిచే సారవంతమైన మైదానం ఏర్పడింది. బార్లీ, ఓట్లు పండేది అక్కడ. పశువులు మేసేది అక్కడ. తూర్పు ఒడ్డు బండరాయి. ఈ తేడా పాఠకులు గుర్తుంచుకోవాలి. జరిగిన కథంతా ఈ పడమటి నేలకూ, ఆ తూర్పు రాతికీ మధ్యనే జరిగింది.

హారిస్ దీవి పడమటి ఒడ్డున లస్కెంటైర్ అని ఒక ఇసుకతీరం వుంది. ప్రపంచంలో అందమైన తీరాల జాబితా ఎవరు వేసినా అది వుంటుంది. మా సభలో తెరమీద ఎక్కువసేపు నిలిచిందీ అదే. అది నిర్జనంగా వుండటం ప్రకృతి చేసిన పని కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో భూస్వాములు ఆ పడమటి గ్రామాలను వరసగా ఖాళీ చేయించి గొర్రెల కామందులకు యిచ్చారు. అక్కడి రైతులను తూర్పున బేస్ అనే రాతి ఒడ్డుకు తోలారు. కొందరిని ఓడలెక్కించారు.

తూర్పున మన్ను లేదు. మన్ను లేనిచోట మన్ను తయారుచేసుకున్నారు వాళ్ళు. బండల మధ్య సందుల్లో పీటునూ, బుట్టల్లో వీపున మోసుకొచ్చిన సముద్రపు నాచునూ పొరలు పొరలుగా వేసి, ఎత్తైన మళ్ళు కట్టి, బంగాళాదుంప నాటారు. ఆడవాళ్ళు మోసిన బుట్టలకు లెక్క లేదు. గేలిక్ భాషలో ఆ మళ్ళకు ఫ్యానగన్ అని పేరు. ఇంగ్లీషువాడు వాటికి పెట్టిన పేరేమిటో తెలుసా? "సోమరి మళ్ళు"! రాతిమీద నేలను పుట్టించిన చేతికి సోమరి అని బిరుదు. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో వుంటే నిఘంటువు వాళ్ళ పక్షాన మాట్లాడుతుంది. భాషాబోధకులం మనం ఈ ఒక్క మాట దగ్గర ఒక గంట ఆగి పాఠం చెప్పవచ్చు.

ఇంకొక సంగతి. ఆ రాతి ఒడ్డున గొయ్యి తీసేంత లోతు మన్ను లేక, చచ్చినవాళ్ళను శవపేటికలో పెట్టి, కొండ దాటించి, పడమటి ఒడ్డుకు మోసుకెళ్ళి పాతిపెట్టేవారు. ఆ దారికి నేటికీ శవపేటికల దారి అనే పేరు. బతికినవాళ్ళకు ఆ నేలమీద చోటు లేదు. చచ్చాకే చోటు. ఆ శ్మశానం లస్కెంటైర్‌లో వుంది. అందమైన ఇసుకను చూసి మురిసిన యాత్రికుడు ఆ సమాధుల పక్కనుంచే నడిచి వెళతాడు.

"జనం ఎక్కువ, నేల తక్కువ. భూస్వామి కాకపోతే ఆకలే వాళ్ళను తరిమేది" అని ఒక వాదం వుంది. ఆర్థిక శాస్త్రం వేషం వేసుకుని వస్తుంది గనుక ఈ వాదానికి మన విద్యార్థులు తేలిగ్గా లొంగుతారు. దీన్ని కొంచెం విప్పి చూడాలి.

పద్దెనిమిదో శతాబ్దం చివర ఆ తీరాన కెల్ప్ అనే పరిశ్రమ పెరిగింది. సముద్రపు నాచును కోసి, ఎండబెట్టి, గుంటల్లో కాల్చితే మిగిలే బూడిదగడ్డ అది. గాజుకూ సబ్బుకూ కావలసిన క్షారం అందులో వుంది. టన్ను కెల్పుకు సుమారు ఇరవై టన్నుల పచ్చినాచు కావాలి. నెపోలియన్ యుద్ధాలవల్ల స్పెయిన్ నుంచి వచ్చే సరుకు ఆగిపోగా టన్ను ధర ఇరవై పౌన్లకు ఎక్కింది. మొలలోతు చలినీళ్ళలో నిలబడి కోసినవాడికి దక్కింది అందులో చిన్న వాటా. మిగతాది నాచు మీద కూడా హక్కు తనదే అన్న భూస్వామికి పోయింది. సముద్రం మొలిపించిన నాచుకు కూడా యజమాని వున్నాడన్న మాట!

ఇప్పుడు చూడండి. ఆ రోజుల్లో రైతులు అమెరికాకు వలసపోబోతే వద్దన్నది ఎవరు? ఈ భూస్వాములే. 1803లో బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల ఓడల చట్టం చేసింది. ఓడల్లో ప్రయాణికుల క్షేమం కోసమని పైకి చెప్పారు. టిక్కెట్టు ఖరీదు పెరిగి బీదవాడు కదలలేకపోవడం దాని ఫలితం. ఆ చట్టం కోసం పట్టుపట్టినవారిలో నాచు కోసే చేతులు పోతాయని భయపడ్డ భూస్వాములు ముందున్నారు. అంతే కాదు, పాత ఉమ్మడి పొలాలను తెగ్గొట్టి, ఒక్కొక్క కుటుంబానికి ఒక చిన్న చెక్క యిచ్చారు. క్రాఫ్ట్ అంటే అది. ఆ చెక్కమీద కుటుంబం బతకలేదు. బతకకూడదనే అంత చిన్నదిగా కొలిచి యిచ్చారు. కడుపు నిండితే నాచు కోతకు ఎవడొస్తాడు?

1815లో యుద్ధం ముగిసింది, విదేశీ సరుకు మళ్ళీ వచ్చింది, సుంకాలు తగ్గాయి, కెల్ప్ ధర కూలింది. అప్పటిదాకా పోవద్దన్న నోళ్ళే "జనం ఎక్కువయ్యారు, పొండి" అన్నాయి. 1846లో బంగాళాదుంపకు తెగులు వచ్చేసరికి ఆ గొంతు ఇంకా పెద్దదయింది. జనం ఎక్కువా తక్కువా అన్నది నేల చెప్పలేదు. బజారు ధర చెప్పింది. ఇరవై పౌన్లున్నప్పుడు తక్కువైన జనం ధర పడిపోగానే ఎక్కువయ్యారు. దీన్ని ప్రకృతి నియమం అనడం నిజాన్ని తలకిందులు చేయడం.

1851 సంవత్సరాన్ని తీసుకోండి. సౌత్ యూయిస్ట్, బారా దీవుల యజమాని కర్నల్ గోర్డన్ ఆ సంవత్సరం తన రైతులను 1,500 మందికి పైగా కెనడాకు పంపించాడు. కౌలు సంగతి మాట్లాడాలని లోఖ్ బోయిస్‌డేల్ రేవు దగ్గర సభకు పిలిపించి, రానివాళ్ళకు జరిమానా అని బెదిరించి, వచ్చినవాళ్ళను పట్టి ఓడలో పడేశారని చూసినవాళ్ళు చెప్పారు. క్విబెక్‌లో దిగేసరికి వాళ్ళ ఒంటిమీద సరైన గుడ్డ లేదని అక్కడి అధికారులే ఫిర్యాదు చేశారు. సరిగ్గా అదే సంవత్సరం లండన్‌లో లాండ్‌సీర్ అనే చిత్రకారుడు స్కాట్లండు పర్వతాల మధ్య తలెత్తి నిలబడ్డ ఒక దుప్పిని చిత్రించాడు. లోయకు రాజు అది. ఆ బొమ్మ తరవాత బిస్కట్ డబ్బాలకూ, విస్కీ సీసాలకూ ఎక్కి ఆ దేశానికే గుర్తు అయిపోయింది. ఆ లోయలో మనిషి లేడు. ఎలా వుంటాడు? దుప్పుల వేటకోసమని మనుషులను ఖాళీ చేయించే రోజులు వచ్చాయి. చిత్రకారుడు అబద్ధం చెప్పలేదని వాదించేవారు వుంటారు. నిజమే, తాను చూసిందే గీశాడు. ఎవరు లేకుండా పోవడంవల్ల ఆ దృశ్యం అంత శుభ్రంగా కనబడుతున్నదో అడగలేదు. ఆ అడగకపోవడమే భూస్వామికి పనికొచ్చింది.

ఈ విషయంలో పాతకాలపు సంప్రదాయవాది శామ్యూల్ జాన్సన్ నయం. 1773లో బాస్వెల్‌తో కలిసి ఈ దీవులు తిరిగినప్పుడు జనం వలసపోతున్న సంగతి ఆయన గమనించాడు, ఎందుకని ఆలోచించాడు, రాశాడు. రాజకీయంగా ఆయన మన పక్షం కాదు. కాని మనుషుల్ని చూశాడు. తరవాత వచ్చిన స్వేచ్ఛాప్రియులైన భావకవులు చాలామంది పొగమంచునూ, గుహలనూ, కెరటాల హోరునూ చూశారు. రచయిత మెడలో వున్న బిళ్ళను బట్టి కాక, అతని కన్ను దేనిమీద నిలిచిందో దాన్నిబట్టి విలువ కట్టాలి. మనకూ అదే కొలత.

ఇక మనకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటి. తెలుగు ఎం.ఎ. చదివినవారెవరికైనా మెకంజీ కైఫీయతులు తెలుసు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల చేత ఊరూరా కరణాలను అడిగించి, గ్రామ చరిత్రలు రాయించి పోగుచేసిన కర్నల్ కాలిన్ మెకంజీ 1754లో పుట్టింది ఎక్కడనుకున్నారు? ఈ లూయిస్ దీవిలోని స్టోర్నోవే రేవులో. 1783లో కుంపిణీ కొలువుకు వచ్చి, చివరకు భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయి, 1821లో బెంగాల్లో చనిపోయాడు. నాకు పాఠం చెప్పిన గురువులు ఆయన పుట్టిన ఊరిపేరు చెప్పారు. ఆ ఊరి కథ చెప్పలేదు. నేనూ నా విద్యార్థులకు చెప్పలేదు. మన కడప జిల్లాలో ఒక కుగ్రామానికి చెరువు ఎవరు తవ్వించారో, మాన్యం ఎవరికి యిచ్చారో మెకంజీ పుణ్యాన కాగితం మీద వుంది. ఆ కాగితం కుంపిణీ పరిపాలనకు పనికొచ్చిందన్న మాటా నిజమే. కాని ఆయన పుట్టిన దీవి గ్రామాలు ఖాళీ అవుతున్నప్పుడు వాటి కైఫీయతు రాసుకోవడానికి ఏ కర్నలూ లేడు.

ఆ దీవిని 1844లో కొన్నది ఎవరో తెలిస్తే సంబంధం ఇంకా దగ్గరవుతుంది. జేమ్స్ మాథెసన్. చైనాకు నల్లమందు చేరవేసి కోటీశ్వరుడైన జార్డిన్ మాథెసన్ కంపెనీ భాగస్వామి. ఆ నల్లమందు పండింది బీహారులో, మాళవంలో. బీహారు రైతుకు బయానా యిచ్చి, మెడలు వంచి పండించింది కుంపిణీ. చైనావాడి ఊపిరి తీసి వచ్చిన లాభంలోంచి 1,90,000 పౌన్లు పెట్టి మాథెసన్ ఒక దీవిని మనుషులతో సహా కొన్నాడు. కరువులో ధాన్యం తెప్పించి పంచాడు, ఆ మాట దాచకూడదు. స్టోర్నోవేలో కోట కట్టించాడు. కలనిష్ దగ్గర దాదాపు అయిదు వేల యేళ్ళనాటి నిలువురాళ్ళ చుట్టూ పేరుకున్న పీటును 1857లో తవ్వి తీయించాడు. దాన్ని మెచ్చుకోవలసిందే. కాని ఆ రాళ్ళ పాదాలకు వెలుగు చూపించిన చేతే అదే దశాబ్దంలో బతికున్న వందలాది కుటుంబాలను కెనడా ఓడలెక్కించింది. ప్రాచీనశిలను కాపాడి జీవించే మనిషిని తొలగించే సంస్కృతీ ప్రేమ పాలకవర్గానికి ఎక్కడైనా వుంటుంది.

మాథెసన్ తరఫున పెత్తనం చేసిన దివాను డోనల్డ్ మన్రో. ఆయనే దివాను, ఆయనే ప్రభుత్వ న్యాయవాది. ఫిర్యాదు ఆయన మీదే, చెప్పుకోవలసిందీ ఆయనకే. 1874లో బెర్నెరా అనే చిన్న దీవి రైతులు తమ పచ్చికబయళ్ళు లాక్కోబోతే ఒప్పుకోలేదు. నోటీసులు తెచ్చిన అమీనాతో గొడవ అయింది, ముగ్గురి మీద కేసు పెట్టారు. రైతులు దండుగా కదిలి, సన్నాయిలాంటి తమ వాద్యం ఊదుకుంటూ మాథెసన్ కోట ముందుకు నడిచారు. విచారణలో ముగ్గురూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ దీవుల్లో రైతు కోర్టులో గెలవడం అపూర్వం.

1882లో స్కై దీవిలో బ్రేస్ గ్రామాల రైతులు బేదఖలు నోటీసులు తగలబెట్టారు. గ్లాస్గో నుంచి యాభైమంది పోలీసులు దిగితే ఆడవాళ్ళు రాళ్ళతో ఎదుర్కొన్నారు. గాయపడినవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. ప్రభుత్వం మరుసటి సంవత్సరం నేపియర్ సంఘాన్ని వేసి ఊరూరా సాక్ష్యం తీయించింది. మొదటి బైఠకు బ్రేస్‌లోనే. మొదటి సాక్షి నోరు తెరిచి ముందడిగింది ఏమిటి? నిజం చెప్పినందుకు తనను నేలమీంచి వెళ్ళగొట్టరని హామీ యిమ్మన్నాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఆ తీరం సామాజిక చరిత్ర అంతా వుంది. సాక్షుల్లో చాలామంది గేలిక్‌లోనే మాట్లాడారు, దుబాసీలు ఇంగ్లీషు చేశారు. ఫలానా కొండ మాది, ఫలానా సంవత్సరం పోయింది, కౌలు ఇంత వుండేది, ఇంత అయింది: ఇలా సంపుటాలు సంపుటాలుగా రికార్డయింది. మా విద్యార్థిని చూసిన గోడలకు అదే కైఫీయతు. 1886లో వచ్చిన క్రాఫ్టర్ల చట్టం కౌలుదారును తొలగించరాదన్నది, కౌలు న్యాయంగా నిర్ణయించాలన్నది. పోయిన నేలను తిరిగి యివ్వలేదు. నేలలేనివాళ్ళు మరుసటి యేడే లూయిస్‌లో పార్క్ దుప్పుల అడవిలో జొరబడి దుప్పులను కొట్టి వండుకుతిన్నారు. ఆకలిగొన్నవాడు దుప్పి మాంసం తింటే అది దొంగతనమా, దుప్పికోసం మనిషిని వెళ్ళగొడితే అది దొంగతనమా అన్న ప్రశ్న నేటికీ పాతబడలేదు.

ఇంతవరకూ చదివి, పాపం అమాయక జనం అని కన్నీళ్ళు పెట్టుకోవడం కూడా పొరపాటే. మన అభ్యుదయ రచయితలకు ఈ జబ్బు వుంది. ప్రజలంటే మచ్చలేని బొమ్మలు చేసేస్తాం. ఈ దీవుల కుర్రాళ్ళే సీఫోర్త్ ప్రభువు లేపిన 78వ పటాలంలో చేరారు. 1803లో అస్సయీ యుద్ధంలో మరాఠాల మీద కాల్పులు జరిపింది ఆ పటాలమే. ఒకచోట నేల పోగొట్టుకున్నవాడు ఇంకొకచోట నేల కొల్లగొట్టే తుపాకీ పట్టాడు. సామ్రాజ్యం నడిచేది ఇలాగే. వాళ్ళ పాత ఇళ్ళు, జంట రాతిగోడల మధ్య మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద, నడిమధ్య పీటు పొగతో వున్నవి, ఫోటోకు అందంగా వుంటాయి. ఊపిరితిత్తులకు కాదు. వాటిని వదిలి మంచి ఇల్లు కట్టుకున్నవాణ్ణి సంప్రదాయం పాడుచేశాడని తిట్టే యాత్రికుడు ఆ పొగలో ఒక్క చలికాలం పడుకుని చూడాలి.

"అయితే సౌందర్యాన్ని చూడవద్దంటారా?" అని మా వక్తలాంటివారు అడుగుతారు. చూడమనే నేనంటున్నాను, పూర్తిగా చూడమంటున్నాను. ఎలా చూడాలో నేర్పిన కవి ఆ దీవుల్లోనే వున్నాడు. సోర్లీ మక్లేన్ 1911లో రాసే దీవిలో పుట్టాడు. బడిపంతులు. వామపక్షవాది. స్పెయిన్ అంతర్యుద్ధం గుండెలో మోసినవాడు. ఎల్ అలమీన్ దగ్గర హిట్లరు సేనలతో పోరాడి గాయపడ్డవాడు. ఇంగ్లీషులో రాస్తే పేరు త్వరగా వచ్చేది. గేలిక్‌లో రాశాడు. ఆయన తన దీవిలో ఖాళీ అయిన హాలైగ్ గ్రామం మీద 1954లో ప్రచురించిన కవిత ప్రకృతి వర్ణనే: చెట్లు, అడవి, దుప్పి, సాయంత్రం. కాని ఆ చెట్లు ఊరి ఆడపిల్లలు. వెళ్ళగొట్టబడినవాళ్ళు ఇంకా దారిన నడుస్తూనే వున్నారు. మా వక్త చిత్రాల్లోనూ, మక్లేన్ కవితలోనూ వున్న కొండ ఒకే రకం కొండ. ఒకరి కొండమీద ఎవరూ లేరు, రెండోవారి కొండ నిండా జనం. ప్రకృతి వర్ణన, ప్రజాజీవితం అని రెండు గదులు కట్టి పరీక్షలో ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న యిచ్చే మన పద్ధతికి ఆ ఒక్క కవిత చాలు జవాబు. ఆ పరీక్షాపత్రం నేనూ తయారుచేశాను, ఏడేళ్ళుగా. తప్పు నాదీ వుంది.

హాలైగ్‌ను ఖాళీ చేయించినవాడు జార్జ్ రైనీ. డెమెరారాలో బానిసల చెమటతో నడిచిన వ్యాపారంలో సంపాదించి రాసే దీవిని కొన్నాడు. తన నేలమీద కుర్రకారు పెళ్ళి చేసుకోవడమే నిషేధించాడని నేపియర్ సంఘం ముందు చెప్పారు. జనాన్ని ఉత్తరాన రాతిమూలకు తోలి, వాళ్ళు దక్షిణానికి రాకుండా దీవి నడుమున అడ్డంగా గోడ కట్టించాడు. మా విద్యార్థిని ప్రశ్నకు ఇంకో కొస ఇక్కడుంది. కొండమీద గోడలన్నీ ఒకటి కావు. కూలిన గోడలు కాపురాలవి. దీవిని రెండుగా కోసిన గోడ యజమానిది.

ఆ ఉత్తర కొసన ఆర్నిష్ అనే ఊళ్ళో కేలమ్ మక్లౌడ్ అని ఒక క్రాఫ్టరు వుండేవాడు. రోడ్డు వేయమని ఊరివాళ్ళు దశాబ్దాలు అర్జీలు పెట్టారు, ప్రభుత్వం వేయలేదు. చివరికి ఆయన పార, గునపం, తోపుడుబండి తీసుకుని 1960ల మధ్యలో తానే మొదలుపెట్టాడు. పదేళ్ళపాటు, ఒంటరిగా, దాదాపు మూడు కిలోమీటర్ల రోడ్డు వేశాడు. తరవాత స్థానిక ప్రభుత్వం దానిమీద తారు పోసింది. అప్పటికి ఆర్నిష్‌లో ఆయనా ఆయన భార్యా తప్ప ఎవరూ మిగల్లేదు. ఈ రోడ్డును కూడా యాత్రికులు ఒక వింతగా చూసి మెచ్చుకుంటారు. ఒక మనిషి పట్టుదలకు దండం పెట్టవలసిందే. కాని ఒక మనిషి పదేళ్ళ ఎముకల పనిని మెచ్చుకుని, ఆ పని అతని నెత్తిన పడేసిన వ్యవస్థను వదిలేస్తే ఆ మెప్పు ఎవరికి మేలు?

కథ ఓటమితో ముగియలేదు. 1923లో స్టోర్నోవే ప్రాంతం నేల ప్రజల ట్రస్టు చేతికి వచ్చింది. 1997లో ఎగ్ దీవి ప్రజలు చందాలు పోగుచేసి తమ దీవిని తామే కొనుక్కున్నారు. 2008 నుంచి గాలి, నీరు, ఎండలతో తమ కరెంటు తామే చేసుకుంటున్నారు. 2003లో భూసంస్కరణ చట్టం వచ్చింది. 2010లో హారిస్ పడమటి ఒడ్డు, లస్కెంటైర్‌తో సహా, స్థానిక ట్రస్టుకు దక్కింది. బాహ్య హెబ్రిడీస్ జనంలో సగానికి పైగా నేడు తాము సమష్టిగా యజమానులైన నేలమీద బతుకుతున్నారు. తమ తాతల నేలను తామే డబ్బిచ్చి కొనుక్కోవలసి రావడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. ఇంకోవైపు, సెలవు గడిపేవాళ్ళు ఇళ్ళు కొంటుంటే ఊరి కుర్రవాడికి ఇల్లు దొరకదు. 2022 జనాభా లెక్కల్లో అక్కడ గేలిక్ మాట్లాడేవాళ్ళు సగంలోపుకు దిగారు. ఈ ఇళ్ళ గిరాకీని పెంచేది ఏమిటి? "ఏకాంత సౌందర్యం" అన్న ప్రకటనే. ఒకనాడు గొర్రెలకోసం ఖాళీ చేశారు, తరవాత దుప్పులకోసం. నేడు ఖాళీతనాన్నే సరుకు చేసి అమ్ముతున్నారు. మా వక్తగారి వ్యాసం, ఆయనకు తెలియకుండానే, ఆ సరుకుకు తెలుగులో వేసిన ప్రకటన.

విద్యార్థి మిత్రులారా, తోటి ఉపాధ్యాయులారా, ఖాళీగా కనిపించే నేలను ఎక్కడ వర్ణించవలసి వచ్చినా, వర్ణించడానికి ముందు ఆ నేల కైఫీయతు అడగండి. ఇక్కడెవరుండేవారు, ఎప్పుడు పోయారు, ఎవరు పొమ్మన్నారు, ఆ తరవాత నేల ఎవరి పేర వుంది? జవాబు తెలియకపోతే నాలా మాటలు పెంచకండి, తెలియదని చెప్పి వెతకండి. అడిగిన తరవాత కూడా ఆ ఇసుక తెల్లగానే వుంటుంది, ఆ నీళ్ళు పచ్చగానే వుంటాయి. కాని "మనిషి అడుగు సోకని తీరం" అన్న మాట మాత్రం మీ కలం రాయదు.